తేదీ ముందు, కథ తర్వాత

2025 మార్చి 26న సూపర్‌హీరో సినిమాలు తీసే మార్వెల్ స్టూడియోస్ యూట్యూబ్‌లో ఒక లైవ్ పెట్టింది. మనకు అప్పుడు రాత్రి. తెర మీద ఒక కుర్చీ ఉంది, షూటింగుల్లో నటులు కూర్చునే మడత కుర్చీ. దాని వెనక గుడ్డ మీద క్రిస్ హెమ్స్‌వర్త్ అని పేరు. చాలాసేపు అదే కుర్చీ. తర్వాత కెమెరా మెల్లగా పక్కకు జరిగింది. ఇంకో కుర్చీ, ఇంకో పేరు. మళ్ళీ చాలాసేపు అలాగే. ఇలా అయిదు గంటలకు పైగా నడిచింది. మొత్తం 27 పేర్లు. ఆఖరి కుర్చీ దగ్గరికి ఐరన్ మ్యాన్ టోనీ స్టార్క్‌గా చేసిన రాబర్ట్ డౌనీ జూనియర్ స్వయంగా వచ్చాడు. 'అవెంజర్స్: డూమ్స్‌డే' షూటింగ్ మొదలవుతోందని చెప్పడానికి ఇదంతా.

నేను చాలాసేపే చూశాను. పాత ఎక్స్-మెన్ సినిమాల ప్యాట్రిక్ స్టీవర్ట్, ఇయాన్ మెకెల్లెన్ పేర్లు కనబడినప్పుడు ఒళ్ళు పులకరించిన మాట నిజం. వాట్సాప్ గ్రూపులో ఒక్కో పేరుకీ గోల. తర్వాతి కుర్చీ ఎవరిదని పందేలు. కానీ లైవ్ అయిపోయాక కూర్చుని ఆలోచిస్తే నాకు తెలిసినవి రెండే: ఎవరెవరు ఉన్నారు, ఎప్పుడు వస్తుంది. సినిమా దేని గురించో ఒక్క ముక్క తెలియలేదు. రెండు నెలలు తిరక్కుండా ఆ తేదీ కూడా మారింది. 2026 మే 1న రావాల్సింది డిసెంబర్ 18కి వెళ్ళింది.

హైప్ మీద నాకు కోపం లేదు. ఎదురుచూడటం సినిమా చూడటంలో సగం అని నమ్మేవాణ్ణి. పోస్టర్ చూసి ఊహించుకోవడం, ట్రైలర్‌ని ఆపి ఆపి చూడటం, స్నేహితులతో వాదులాడుకోవడం, ఇవన్నీ సినిమా మనకిచ్చే ఆనందంలో భాగమే. రెండున్నర గంటల సినిమా కొన్ని నెలలపాటు మనతో ఉండేది ఈ ఎదురుచూపు వల్లే. నా గొడవ ఒక్కటే. ఆ ఎదురుచూపును ఒకప్పుడు కథ సంపాదించిపెట్టేది. ఇప్పుడు క్యాలెండర్‌తో దాన్ని పుట్టించాలని చూస్తున్నారు. తేదీ ముందు ప్రకటించి, కథ తర్వాత వెతుక్కుంటున్నారు. దీనివల్ల స్టూడియోలకు ఎంత నష్టమో వాళ్ళు చూసుకుంటారు. అభిమానులకు జరుగుతున్న నష్టం గురించి నేను రాయదలచుకున్నాను.

2018 ఏప్రిల్ 27న 'అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్' విడుదలైంది. మా అక్క కొడుకుని తీసుకుని తెలుగు డబ్బింగ్ షోకి వెళ్ళాను. విలన్ థానోస్‌కి రానా గొంతు. వాడు అప్పటికి చిన్నపిల్లాడు, స్పైడర్‌మ్యాన్ బొమ్మ ఉన్న బ్యాగుతోనే బడికి వెళ్ళే వయసు. థానోస్ చిటిక వేశాక ఒక్కొక్కరూ బూడిదైపోతుంటే హాల్లో గుసగుసలు కూడా ఆగిపోయాయి. అంతసేపూ ఈలలు వేసిన వెనక వరస కుర్రాళ్ళు కూడా నోరెత్తలేదు. లైట్లు వేశారు, పేర్లు పడుతున్నాయి, జనం లేవడం లేదు. మావాడు నా చొక్కా పట్టుకుని అడిగాడు.

"మామయ్యా, స్పైడర్‌మ్యాన్ మళ్ళీ రాడా?"

"వస్తాడ్రా. ఏదో ఒకటి చేసి తీసుకొస్తారు."

"ఎలా తీసుకొస్తారు? అందరూ పోయారు కదా."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఏడాదిపాటు ఎవరి దగ్గరా లేదు. వాడు ఆ ఏడాదంతా సిద్ధాంతాలు తయారుచేశాడు. ఆంట్‌మ్యాన్ చిన్నగా మారి ఏం చేయగలడు, డాక్టర్ స్ట్రేంజ్ చూసిన కోటీ నలభై లక్షల భవిష్యత్తుల్లో గెలిచే ఆ ఒక్కటి ఏది, టోనీని బతికించడానికి రాయి ఎందుకిచ్చాడు, ఇవే ప్రశ్నలు. ఫోన్ చేసినప్పుడల్లా చదువు గురించి రెండు మాటలు, థానోస్ గురించి పది మాటలు. తర్వాతి భాగం 'ఎండ్‌గేమ్'కి అసలైన ప్రచారం ఇదే. దానికి ముందు సినిమానే ఆ పని చేసిపెట్టింది. అందుకే ట్రైలర్లలో ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. అంతరిక్షంలో ఒంటరిగా చిక్కుకుపోయిన టోనీ, మిగిలినవాళ్ళ ముఖాల్లో దుఃఖం, నలుపు తెలుపుల్లో పాత జ్ఞాపకాలు, మధ్యలో అక్కడక్కడా ఎరుపు. కాలంలో వెనక్కి వెళ్తారన్న అసలు సంగతిని ఎక్కడా పొక్కనివ్వలేదు. 2018 డిసెంబర్‌లో వచ్చిన మొదటి ట్రైలర్‌ని 24 గంటల్లో 28.9 కోట్లసార్లు చూశారని లెక్క. అన్నిసార్లు చూసినా కథ ఎవరికీ అంతుపట్టలేదు.

మన దేశంలో 'ఎండ్‌గేమ్' 2019 ఏప్రిల్ 26న వచ్చి మొదటి రోజే యాభై కోట్లు దాటింది. ఏ.ఆర్. రెహమాన్ చేత పాట చేయించారు, తెలుగులో కూడా. దర్శకుల్లో ఒకరైన జో రూసో ముంబై వచ్చి వెళ్ళాడు. ఇవన్నీ ఉపయోగపడే ఉంటాయి. కానీ మావాడికి ఆ పాట సంగతే తెలియదు. వాడికి కావలసిందల్లా తను అడిగిన ప్రశ్నకు జవాబు.

ఆ ప్రశ్న ఒక్క సినిమాలో పుట్టింది కాదు. 2008లో 'ఐరన్ మ్యాన్' చివర పేర్లన్నీ పడిపోయాక నిక్ ఫ్యూరీ అనే పాత్ర చీకట్లోంచి వచ్చి అవెంజర్స్ జట్టు గురించి రెండు ముక్కలు చెప్పి వెళ్ళాడు. నాలుగేళ్ళకు 'అవెంజర్స్' వచ్చింది. దాని చివర థానోస్ ఒక్కసారి తిరిగి చూసి నవ్వాడు. వాడు అసలు పనిలోకి దిగడానికి మరో ఆరేళ్ళు పట్టింది. చెప్పింది తక్కువ, చేసి చూపించింది ఎక్కువ. వీధి చివర కిరాణా కొట్టు ఖాతాలా నమ్మకం కొద్దికొద్దిగా పెరిగింది. నెలనెలా తీర్చేవాడికి కొట్టువాడు అడక్కుండానే సరుకు ఇస్తాడు. తీర్చడం మానేసి ఇంకా ఇంకా రాయించుకునేవాడి గతి ఏమవుతుందో అందరికీ తెలుసు.

2014 అక్టోబర్‌లో వార్నర్ బ్రదర్స్ 2020 దాకా రాబోయే డీసీ సినిమాల (బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్‌లవి) జాబితా ఒకటి ప్రకటించింది. పది సినిమాలు. అందులో 'సైబోర్గ్' ఉంది, 'గ్రీన్ లాంటర్న్' ఉంది. రెండూ రాలేదు. అదే నెల 28న మార్వెల్ హాలీవుడ్‌లోని ఎల్ క్యాపిటన్ థియేటర్‌లో జనాన్ని పిలిచి తన జాబితా చదివింది. అందులోని 'ఇన్‌హ్యూమన్స్' సినిమాగా రానే లేదు, టీవీ సిరీస్‌గా వచ్చి పోయింది. అప్పట్లో ఇవి పెద్ద పట్టింపు అనిపించలేదు, ఎందుకంటే మిగతావి వచ్చాయి.

తర్వాత జరిగింది చూడండి. 2019లో శాన్ డియేగో కామిక్ కాన్ అనే అభిమానుల సంబరంలో మహెర్షలా అలీ వేదిక మీదకు వచ్చి, తను చేయబోయే 'బ్లేడ్' సినిమా టోపీ పెట్టుకున్నాడు. హాలు ఊగిపోయింది. 2023 నవంబర్‌కి తేదీ వేశారు. దర్శకులు మారారు, తేదీలు మారాయి, 2024 అక్టోబర్‌లో విడుదలల పట్టికలోంచే తీసేశారు. రెండు ఆస్కార్లు గెలిచిన నటుడు. ఆ టోపీ పెట్టుకున్న ఫొటోను ప్రొఫైల్ పిక్చర్‌గా పెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళకు దక్కింది ఆ ఫొటో ఒక్కటే.

2022 కామిక్ కాన్‌లో మార్వెల్ అధినేత కెవిన్ ఫైగీ 'అవెంజర్స్: ద కాంగ్ డైనాస్టీ' అని పేరు, 2025 మే 2 అని తేదీ ప్రకటించాడు. కాంగ్ అనే విలన్ పాత్ర వేసిన నటుడికి 2023 డిసెంబర్‌లో కోర్టులో శిక్షార్హమైన నేరం రుజువు కావడంతో స్టూడియో ఆయన్ని వదిలేసింది. 2024 జూలైలో పేరు 'డూమ్స్‌డే' అయింది. ఆకుపచ్చ ముసుగులు వేసుకున్న మనుషుల మధ్యలోంచి ఒకడు ముందుకొచ్చి ముసుగు తీస్తే డౌనీ. హాలంతా కేకలు. నేనూ ఆ వీడియో పదేపదే చూశాను. అది గొప్ప క్షణమే. కానీ ఆ క్షణం చెప్పిందేమిటి? ఏళ్ళపాటు కాంగ్ కోసం సీరియళ్ళు, సినిమాలు చూసి గుర్తుపెట్టుకున్న ప్రేక్షకుడికి ఆ కథ ఏమైందో చెప్పలేదు. మీరు ప్రేమించిన ముఖం మళ్ళీ తెచ్చాం, రండి అని చెప్పింది. 2008 నుంచి 2019 దాకా టోనీ స్టార్క్ మీద మనం పెంచుకున్న ఇష్టాన్ని తీసుకొచ్చి ఇంకా రాయని కథకు పెట్టుబడిగా పెట్టింది.

నటుడి విషయం స్టూడియో చేతుల్లో లేదు, ఒప్పుకుంటాను. అయితే మూడేళ్ళ ముందే పేరు, తేదీ గోడకెక్కించకపోయి ఉంటే ఇంత గందరగోళం ఉండేది కాదు. ముందుగా తేదీ వేయడం వెనక కారణం అందరికీ తెలిసిందే. సెలవుల వారాంతాలు దొరకాలి, ఐమాక్స్ తెరలు దొరకాలి, పోటీ స్టూడియో కన్నా ముందు కర్చీఫ్ వేయాలి. షేర్లు కొన్నవాళ్ళకు మా దగ్గర వరసగా సినిమాలున్నాయని చూపించాలి. ఇవన్నీ వ్యాపారానికి అవసరమే. వాటిని అభిమానికి పండగలా అమ్మడమే నాకు నచ్చదు.

అభిమాని ఎదురుచూపును గౌరవించిన ప్రచారం ఎలా ఉంటుందో చెప్పాలంటే నేను ఎప్పుడూ బ్యాట్‌మ్యాన్ సినిమా 'ది డార్క్ నైట్' దగ్గరికే వెళ్తాను. సినిమా 2008 జూలైలో వచ్చింది. ప్రచారం 2007 మే నుంచే మొదలైంది, అదీ ఒక ఆటలాగా. హార్వీ డెంట్ గోథమ్ నగరంలో ఎన్నికల్లో నిలబడుతున్నాడని నిజమైన ఎన్నికల ప్రచారంలాంటి వెబ్‌సైట్ ఒకటి. దాన్ని విలన్ జోకర్ పాడుచేస్తాడు. కామిక్ కాన్ దగ్గర జోకర్ ముఖం గీసిన డాలర్ నోట్లు జనం చేతుల్లోకి వచ్చాయి. అన్నిటికన్నా నాకిష్టమైంది ఆ డిసెంబర్‌లో జరిగిన కేకుల కథ. ఆటలో భాగంగా అమెరికాలో కొన్ని ఊళ్ళలోని బేకరీల చిరునామాలు బయటపడ్డాయి. ముందుగా అక్కడికి పరిగెత్తినవాళ్ళు ఒక దొంగపేరు చెబితే బేకరీవాళ్ళు కేకు ఇచ్చారు. కేకు మీద క్రీముతో ఒక ఫోన్ నంబర్ రాసి ఉంది. ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే చేతిలో ఉన్న కేకే మోగింది. కోసి చూస్తే లోపల ప్లాస్టిక్ సంచిలో ఒక సెల్‌ఫోన్, ఛార్జర్, ఒక జోకర్ పేకముక్క.

ఇందులో ట్రైలర్ లేదు, స్టార్ల పేర్లు లేవు, తేదీ పోస్టర్ లేదు. కానీ జోకర్ ఎలాంటివాడో సినిమా చూడకముందే తెలిసిపోయింది. పిచ్చివాడు, అయినా ప్రతిదీ ముందే ఆలోచించి పెట్టినవాడు, మనుషులతో ఆడుకునేవాడు. పాత్ర స్వభావమే ప్రచారం అయింది. పరిగెత్తిన కుర్రాళ్ళను చూసేవాళ్ళుగా కాక ఆడేవాళ్ళుగా లెక్కగట్టారు. జోకర్‌గా వేసిన హీత్ లెడ్జర్ 2008 జనవరి 22న చనిపోయాడు. తర్వాతి ప్రచారం మీద ఆ విషాదం ఎలాగూ పడింది. అయినా ఆ ఆట మొదలైంది పాత్ర మీద, ఆ పాత్ర తెరమీద మాట నిలబెట్టుకుంది.

ఇంటర్నెట్ వల్లే అభిమానులకు పిచ్చి ముదిరిందని అనేవాళ్ళకు 1989 'బ్యాట్‌మ్యాన్' సంగతి గుర్తుచేయాలి. కామెడీ నటుడిగా పేరున్న మైకేల్ కీటన్‌ని బ్యాట్‌మ్యాన్‌గా పెట్టారని స్టూడియోకి వేలకొద్దీ ఉత్తరాలు వెళ్ళాయి. హడావుడిగా ఒక ట్రైలర్ కోసి వదిలారు, దానికి సంగీతం కూడా లేదు. జనం వేరే సినిమాకి పూర్తి టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళి, ఆ ట్రైలర్ చూసి, అసలు సినిమా మొదలవగానే లేచి వచ్చేశారు. ట్వీట్లు లేవు, రియాక్షన్ వీడియోలు లేవు. అనుమానాన్ని తీర్చింది ఆ కాసేపట్లో కనిపించిన సినిమా.

ట్రైలర్ అబద్ధం చెప్పొచ్చా? ఈ విషయంలో నేను చాలామందితో విభేదిస్తాను. చెప్పొచ్చు అంటాను. 'ఇన్ఫినిటీ వార్' ట్రైలర్‌లో వకాండా మైదానంలో హీరోలతో పాటు హల్క్ పరిగెత్తుకొస్తుంటాడు. సినిమాలో ఆ షాట్ లేదు. అక్కడ హల్క్ అసలు బయటికే రాడు. 'స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్' ఇంకో మెట్టు పైకెక్కింది. 2021 నవంబర్‌లో వచ్చిన ట్రైలర్‌లో ముగ్గురు విలన్ల మీదకు ఒక్క స్పైడర్‌మ్యాన్ దూకుతున్నట్టు ఉంటుంది. బ్రెజిల్‌లో విడుదల చేసిన ట్రైలర్‌లో ఆ షాట్ రవ్వంత ఎక్కువసేపు ఉంది. అందులో లిజర్డ్ అనే విలన్ తల ఉన్నట్టుండి పక్కకు తిరిగిపోతుంది, ఎవరో గట్టిగా తన్నినట్టు. తన్నినవాడు మాత్రం కనిపించడు. మిగతా ఇద్దరు స్పైడర్‌మ్యాన్‌లనూ కంప్యూటర్‌లో చెరిపేశారని అభిమానులు ఆ ఒక్క ఫ్రేమ్ పట్టుకుని తేల్చేశారు. పాత స్పైడర్‌మ్యాన్ ఆండ్రూ గార్ఫీల్డ్ ఇంటర్వ్యూల్లో నేను లేను బాబోయ్ అని చెబుతూనే ఉన్నాడు. తెలిసినవాళ్ళూ తెలియనట్టే ఉన్నారు. డిసెంబర్ 16న హాల్లో అతను ముసుగు తీసిన క్షణంలో పడిన కేకలు విన్నవాళ్ళెవరూ ఆ అబద్ధానికి బాధపడి ఉండరు. అది ప్రేక్షకుడి ఆనందాన్ని కాపాడటానికి చెప్పిన అబద్ధం.

సినిమా ఎలాంటిదో దాచే అబద్ధం వేరు. 2016 'సూసైడ్ స్క్వాడ్' ట్రైలర్ రంగులతో, పాటతో, చిలిపిగా ఉండి జనాన్ని ఊపేసింది. దర్శకుడు తీసిన సినిమా స్వభావం అది కాదు. ట్రైలర్‌కి వచ్చిన స్పందన చూసి స్టూడియో ఆ ట్రైలర్ కోసిన కంపెనీనే సినిమా ఎడిటింగ్‌లోకి తెచ్చిందని అప్పట్లో హాలీవుడ్ పత్రికలు రాశాయి. తెర మీద చూస్తే ఆ సంగతి కనబడుతూనే ఉంటుంది. పాత్రల పరిచయాలన్నీ వరసగా చిన్నచిన్న ట్రైలర్లలా, ప్రతిదాని కింద ఒక పాపులర్ పాట. ప్రకటనకు తగ్గట్టు సినిమాను కత్తిరించుకుంటూ పోతే చివరికి రెండు గంటల ప్రకటన మిగిలింది. అదే ఏడాది మార్చిలో వచ్చిన 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' దీనికి వ్యతిరేకమైన తప్పు చేసింది. ఇద్దరూ కొట్టుకుంటారని టైటిల్లో చెప్పి, ఆఖర్లో ఇద్దరూ కలిసి డూమ్స్‌డే అనే రాక్షసుడితో పోరాడతారని ట్రైలర్‌లోనే చూపించేసింది. ఇంక ఆ కొట్లాటలో ఎవరేమవుతారోనన్న టెన్షన్ ఎక్కడిది?

సోషల్ మీడియాలో గోలను ఎదురుచూపు అనుకోవడం ఇంకో పొరపాటు. 2022లో 'మోర్బియస్' మీద మీమ్స్ కుప్పలు తెప్పలుగా వచ్చాయి. అవి వెక్కిరింపులు. స్టూడియో జూన్‌లో ఆ సినిమాను మళ్ళీ దాదాపు వెయ్యి థియేటర్లలో వేసింది. వారాంతమంతా కలిపి వచ్చింది మూడు లక్షల డాలర్లు. వ్యూస్, హ్యాష్‌ట్యాగులు లెక్కపెట్టేవాళ్ళు ఈ అంకెను రాసి పెట్టుకోవాలి.

అభిమానులదీ తప్పు లేదనను. 'జస్టిస్ లీగ్'కి దర్శకుడు జాక్ స్నైడర్ సొంత కూర్పును, అంటే స్నైడర్ కట్‌ను, విడుదల చేయమని ఏళ్ళపాటు జరిగిన ఉద్యమం ఆత్మహత్యల నివారణ సంస్థకు లక్షల డాలర్ల విరాళం పోగుచేసింది. జాక్ స్నైడర్ కూతుర్ని పోగొట్టుకున్నాడని తెలిసినవాళ్ళకు ఆ విరాళం విలువ అర్థమవుతుంది. అదే ఉద్యమంలో కొందరు స్టూడియో ఉద్యోగులను, విమర్శకులను వేధించారు కూడా. ఎదురుచూపు ముదిరి హక్కులా మారితే అలా తయారవుతుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. ప్రీ లుక్, ఫస్ట్ లుక్, మోషన్ పోస్టర్, గ్లింప్స్, టీజర్, ఫస్ట్ సింగిల్ ప్రోమో, లిరికల్ వీడియో, ట్రైలర్, రిలీజ్ ట్రైలర్, ప్రీ రిలీజ్ ఈవెంట్. రేపు ఉదయం ఫలానా ముహూర్తానికి టీజర్ తేదీ ప్రకటిస్తాం అని ఇవాళ ఒక పోస్టర్. ప్రకటన వస్తుందన్న ప్రకటన కోసం పిల్లలు అర్ధరాత్రి దాకా మేలుకుంటున్నారు. అప్‌డేట్ ఇవ్వండి అని నిర్మాతల్ని ట్యాగ్ చేసి బతిమాలుతున్నారు. ఆ పిల్లల్ని చూస్తే నాకు దిగులేస్తుంది. అంత ప్రేమ ఉంది వాళ్ళ దగ్గర, దానికి మనం ఇస్తున్నది ఒక జేపీజీ ఫైలు.

ఇలాంటి చోటే 2022 చివర్లో ఒక వింత జరిగింది. అక్టోబర్ 2న అయోధ్యలో సరయూ తీరాన అట్టహాసంగా 'ఆదిపురుష్' టీజర్ విడుదల చేశారు. దేశంలోనే పెద్ద స్టార్లలో ఒకరు, వందల కోట్ల ఖర్చు. గ్రాఫిక్స్ చూసి జనం ఉసూరుమన్నారు. సంక్రాంతికి రావాల్సిన సినిమా జూన్‌కి వెళ్ళింది. నవంబర్ 21న ప్రశాంత్ వర్మ 'హనుమాన్' టీజర్ వచ్చింది. హీరో తేజ సజ్జా, బడ్జెట్ దాంతో పోలిస్తే చాలా చిన్నది. మంచులో, నీలికాంతిలో శివలింగాకారపు గుహ, దాని లోపల రామనామం జపిస్తున్న హనుమంతుడు. మా ఇంట్లో టీవీలో పెడితే మా అమ్మ చేతిలో పని ఆపి నిలబడి చూసింది. అమ్మకు సూపర్‌హీరో అంటే ఏమిటో తెలియదు. ఆ టీజర్ ఆమెను ఏదీ అడగలేదు, చూపించింది.

ఆ టీజర్ సంపాదించిన గౌరవమే 2024 సంక్రాంతికి ఆ సినిమాను నిలబెట్టింది. జనవరి 12న విడుదల, మహేశ్ బాబు 'గుంటూరు కారం' కూడా అదే రోజు. థియేటర్లు దొరకలేదని పెద్ద గొడవ. అయినా ముందురోజు రాత్రి వేసిన పెయిడ్ ప్రీమియర్లు నిండాయి, చూసినవాళ్ళు బయటికొచ్చి మరో పదిమందికి చెప్పారు. తర్వాత థియేటర్లు వాటంతటవే పెరిగాయి.

'కల్కి 2898 ఏడీ' ప్రచారం అంత నిరాడంబరమైంది కాదు గానీ అందులో నాకు నచ్చింది ఒకటుంది. బుజ్జి. 2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో ప్రభాస్ ఆ బండి నడుపుకుంటూ వచ్చాడు. ఆరు టన్నుల బండి, నిజంగా తయారుచేసిన బండి. దాన్ని ఊరూరా తిప్పారు. కీర్తి సురేశ్ గొంతుతో అది మాట్లాడుతుందన్నారు. నెలాఖరుకి బుజ్జికీ, ప్రభాస్ పాత్ర భైరవకీ స్నేహం ఎలా కుదిరిందో రెండు భాగాల యానిమేషన్‌గా వదిలారు. సినిమా రాకముందే పిల్లలకు ఒక పాత్ర పరిచయమైంది, దానికో స్వభావం ఉంది, భైరవతో దానికో తగవు ఉంది. తేదీల విషయంలో వాళ్ళూ మాట తప్పారు. జనవరి 12 అన్నారు, మే 9 అన్నారు, చివరికి జూన్ 27న వచ్చింది. మే 9 ఆ సినిమా తీసిన వైజయంతీ మూవీస్‌కు 'జగదేకవీరుడు అతిలోకసుందరి' రోజు, 'మహానటి' రోజు. సెంటిమెంట్ బాగానే ఉంది, ఎన్నికలు అడ్డొచ్చాయి. కానీ బుజ్జిని చూసినవాళ్ళకు ఆలస్యం అంతగా బాధ కలిగించలేదు. చేతికి ఏదో ఒకటి ఇచ్చారు కాబట్టి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది టికెట్ విషయం. మన రెండు రాష్ట్రాల్లో పెద్ద సినిమా అనగానే ప్రభుత్వం నుంచి జీవో తెచ్చుకుని మొదటి రోజుల్లో రేటు పెంచుతారు. 'కల్కి'కీ పెంచారు. అమెరికాలో మనవాళ్ళు చూసే ప్రీమియర్ షోలకూ మామూలు టికెట్‌కన్నా ఎక్కువే. అంటే ఎవడు ఎక్కువగా ఎదురుచూశాడో వాడి దగ్గరే ఎక్కువ తీసుకుంటున్నారు. పెద్దగా ఆసక్తి లేనివాడు పదిరోజులు ఆగి తక్కువకు చూస్తాడు. రెండేళ్ళు పోస్టర్లు షేర్ చేసి, తన ఫోన్‌ని ప్రచార రథం చేసిన డిగ్రీ కుర్రాడు మొదటిరోజు పాకెట్ మనీ మొత్తం పెడతాడు. నిర్మాతలు బడ్జెట్ గురించి చెబుతారు. అర్థం చేసుకోగలను. కానీ ఉచితంగా ప్రచారం చేసిపెట్టినవాడికి రేటు తగ్గించకపోయినా పెంచకుండా ఉండొచ్చు కదా.

దీని చివర ఏముంటుందో 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూశాం. అది సూపర్‌హీరో సినిమా కాదు, 'పుష్ప 2' ప్రీమియర్. సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయంలో ఆసుపత్రి పాలయ్యాడు. కుటుంబంతో కలిసి సినిమాకి వచ్చినవాళ్ళు. తప్పు ఎవరిదన్నది కోర్టులు చూసుకుంటాయి. ఈ ఒక్క రాత్రే చూడాలి, రేపటికి ఆగకూడదు అన్న ఆత్రాన్ని నెలల తరబడి పనిగట్టుకుని పెంచుతున్నప్పుడు, ఆ ఆత్రంతో వచ్చే జనాన్ని ఎలా లోపలికి పంపాలో, ఎలా బయటికి తేవాలో కూడా అంతే శ్రద్ధగా ఆలోచించాలి. ప్రచారం బడ్జెట్‌లో దానికీ ఒక పద్దు ఉండాలి. ఇది నేను ఎక్కడైనా, ఎవరితోనైనా గట్టిగా అనే మాట.

'డూమ్స్‌డే' విషయంలో ఆశ పూర్తిగా వదులుకోలేదు. 2025 డిసెంబర్ నుంచి కొత్త 'అవతార్' సినిమా ముందు వారానికొకటి చొప్పున నాలుగు చిన్న టీజర్లు వేశారు. మొదటిదాంట్లో స్టీవ్ రోజర్స్, అంటే కెప్టెన్ అమెరికా, మోటార్‌సైకిల్ మీద ఇంటికొచ్చి పసిబిడ్డను ఎత్తుకుంటాడు. పేలుళ్ళు లేవు, డైలాగు లేదు. కుర్చీల లైవ్ మొత్తం చేయలేని పని ఆ కాసేపట్లో అయింది, ఎందుకంటే అందులో ఒక ప్రశ్న ఉంది. 'ఎండ్‌గేమ్'లో తన జీవితం తాను బతకడానికి వెళ్ళిపోయిన మనిషి, ఇప్పుడు ఒళ్ళో బిడ్డ ఉన్న మనిషి, దేనికోసం మళ్ళీ డాలు పట్టుకోవాలి? పట్టుకుంటే ఆ బిడ్డ ఏమవుతుంది? ముగిసిన కథను మళ్ళీ తెరిచినందుకు నాకు కొంచెం భయంగానే ఉంది. అయినా ఆ రాత్రి మళ్ళీ సిద్ధాంతాలు కట్టాలనిపించింది.

మా అక్క కొడుక్కి ఆ టీజర్ పంపాను. వాడిప్పుడు కాలేజీ. "చూశాను మామయ్యా, బావుంది. రానీ చూద్దాం" అన్నాడు. రానీ చూద్దాం అనడం నాకు కొత్త. సినిమా ఎలా ఉంటుందోనని రాత్రులు ఊహించుకున్న పిల్లాడు. వాడు మారిపోలేదు, వాడి ఆసక్తి వేరే చోట చక్కగానే ఉంది. 'జై హనుమాన్' ఎప్పుడొస్తుందని నన్నే అడుగుతుంటాడు.

'హనుమాన్' ఆఖర్లో రెండో భాగం 2025లో అని తెర మీద వేసినప్పుడు హాల్లో పెద్ద చప్పట్లు. 2024 దీపావళికి హనుమంతుడిగా రిషబ్ శెట్టి పోస్టర్ వచ్చింది, రాముడి విగ్రహాన్ని గుండెకు హత్తుకున్న పోస్టర్. 2025 వెళ్ళిపోయింది, సినిమా రాలేదు. ప్రశాంత్ వర్మగారూ, మీ మొదటి టీజర్ చూసి పని ఆపి నిలబడిన మా అమ్మ తరఫున, తేదీ అడిగే మా మేనల్లుడి తరఫున ఒక్క మాట. షూటింగ్ అయ్యేదాకా, గ్రాఫిక్స్ మీకు నచ్చేదాకా ఇంకో తేదీ వేయకండి. ఆ గుహలోంచి లేచి వచ్చినవాడు రాముడికి ఇచ్చిన మాట ఏమిటో మాకు ఇంకా తెలియదు. అది తెలుసుకోవడానికి 2027 దాకా అయినా ఆగుతాం.